సద్ది ముల్లెకు పిన్‌కోడ్

ఊళ్లో పోస్టాఫీసు మూతపడిందంటే బావురుమనడం మనకు పాత అలవాటు. నిదానంగా ఆలోచిస్తే అది మూత కాదు, ప్రజారోగ్య పథకం. జనాన్ని నడిపించాలని సర్కార్లు పార్కులు కట్టాయి, ఓపెన్ జిమ్ములు పెట్టాయి. ఎవరూ నడవలేదు. తపాలా కిటికీ ఒక్కటి మూసి చూడండి, తెల్లారేసరికి ఊరు ఊరంతా తొవ్వ పడుతుంది.

ఈ సూత్రాన్ని అమెరికా ఎప్పుడో కనిపెట్టింది. హన్మకొండ తల్లిదండ్రులకు కూడా ఇది మెల్లగా తెలిసొస్తోంది. కొడుకు అమెరికాలో ఉన్నాడు, ఉద్యోగం మారే మధ్యలో ఐదు నెలలు ఖాళీ దొరికింది. ఇండియాకు వచ్చి పెళ్లిచూపులకు కూర్చోవాల్సినవాడు పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ అంటూ మెక్సికో సరిహద్దులో నడక మొదలుపెడతాడు. కెనడా దాకా 4,265 కిలోమీటర్లు. కారుండి నడవడం ఏం ఖర్మరా అని పెద్దమ్మ ఫోన్లో నిలదీస్తుంది. మేడారానికి ఎడ్లబండి వెంట నడిచి పోయిన మనిషి ఆ మాట అనడం విడ్డూరమే గానీ, పెద్దమ్మలను తర్కంతో గెలిచినవాడు లేడు.

అసలు కష్టం కాళ్లది కాదు, కడుపుది. రోజుకు 30 కిలోమీటర్లు కొండలెక్కి దిగేవాడికి దాదాపు 4,000 కేలరీలు కావాలి. అంటే రోజుకు 800 నుంచి 900 గ్రాముల పొడి తిండి. ఐదు రోజులకు నాలుగు కిలోల పైమాటే. ఐదు నెలల తిండి వీపున మోయడం ఎడ్ల వల్ల కూడా కాదు కాబట్టి, దారి పక్క చిన్న ఊళ్లకు ముందే డబ్బాలు పంపుకుంటారు. ఒక్కో డబ్బాలో నాలుగైదు రోజుల సద్ది. ఊళ్లో దిగడం, డబ్బా తీసుకోవడం, మళ్లీ కొండెక్కడం.

ఇక్కడ అమ్మ రంగంలోకి దిగుతుంది. ఇక్కడి నుంచి డల్లాస్ పిన్నికి చేరిన పిండివంటలను ఆమె డబ్బాల్లో సర్ది పంపాలన్నది ఏర్పాటు. మొదటి తప్పు సకినాలు. రుచిలో వాటికి తిరుగులేదు, రవాణాకు మాత్రం పనికిరావు. బియ్యప్పిండి చుట్లు వేగాక గాజులంత పెళుసు. నాలుగు లారీలు మారేసరికి డబ్బా అడుగున నువ్వులూ వామూ కలిసిన రవ్వ మిగులుతుంది, దాన్ని చెంచాతో తినాలి. పల్లీలకు, నువ్వులకు 100 గ్రాములకు 560 కేలరీల పైచిలుకు, బెల్లానికి 380, అటుకులకు 350. కాబట్టి నువ్వుల ముద్దలు, పల్లిపట్టీలు, వేయించిన అటుకుల్లో కారం, పుట్నాలు. ఇవి నలిగినా తిండి తిండిలాగే ఉంటుంది. పచ్చడి సీసా వద్దు. ఒక్క సీసా పగిలితే రెండు జతల సాక్సులు కెనడా దాకా ఆవకాయ వాసనే. గ్యాస్ డబ్బీ విమానం ఎక్కదు, నేలదారి పార్సిల్‌లో నిబంధనల ప్రకారమే పోవాలి. లైటర్ ఊసే ఎత్తొద్దు.

ఈ డబ్బాను ఎవరి ఇంటికి పంపాలి? నడిచేవాడికి ఇల్లు లేదు. అందుకే అమెరికా తపాలా శాఖ దగ్గర పాతకాలపు ఏర్పాటు ఒకటుంది, జనరల్ డెలివరీ. మన దగ్గర దాని పేరు పోస్ట్ రెస్టాంట్. ఆ మాట వినగానే ప్లేటు ఇడ్లీ అడిగేవాళ్లున్నారని దాని గురించి ఎక్కువ ప్రచారం చేయరనుకుంటా. పేరు కింద జనరల్ డెలివరీ అని రాసి, ఊరు, రాష్ట్రం, జిప్‌కోడ్ వేసి, పక్కన ‘హైకర్ కోసం ఉంచండి’ అని వచ్చే తేదీ రాస్తే చాలు. ఆ ఊరి పోస్టాఫీసు డబ్బాను తన అరలో దాచి, మనిషి వచ్చి మొహం చూపించాక ఇస్తుంది. ఉంచేది 30 రోజులు, ఆపైన తిరుగు టపా. మరీ ముందు పంపితే పిన్ని ఇంటికే తిరిగొస్తుంది, ఆలస్యంగా పంపితే మనవాడు ముందే వచ్చి పస్తుంటాడు. రెండు మూడు వారాల ముందు పంపడం పద్ధతి.

కిటికీలో గుర్తింపు కార్డు అడుగుతారు. నడకదారిలో ప్రతివాడికీ ఒక మారుపేరు తగిలిస్తారు, దాన్ని డబ్బా మీద రాస్తే అంతే సంగతులు. మనవాళ్లకైతే ఇంకో చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు బారెడుంటుంది, అమ్మ చెప్పిందని పిన్ని డబ్బా మీద ‘చిన్నోడు’ అని రాస్తుంది. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, పొల్లు పోకుండా రాయాలి. డబ్బాకు నాలుగు వైపులా ఎర్ర టేపు చుడితే నలభై డబ్బాల్లోంచి వెతకడం ఆ పోస్టుమాస్టరుకు సులువు, మనకు పుణ్యం.

ఇంత వ్యవస్థ ఒక్క కిటికీ మీద ఆధారపడి ఉంది. అందుకే ఆ కిటికీని ఎలా మూశారన్నది శాస్త్రీయంగా పరిశీలించాలి. నష్టం వస్తోందన్న ఒకే ఒక్క కారణంతో చిన్న పోస్టాఫీసును మూయరాదని అమెరికా చట్టం. కాబట్టి మూయలేదు. 2012లో 13 వేలకు పైగా పల్లె పోస్టాఫీసుల పనివేళలను రోజుకు ఆరు, నాలుగు, రెండు గంటలకు కుదించే ప్రణాళిక వేశారు. ఇక పోస్టుమాస్టరు రిటైరై కొత్తవారు దొరక్కపోతేనో, భవనం కిరాయి గడువు తీరితేనో ‘అత్యవసర నిలుపుదల’ అని తాళం వేస్తారు. కొన్నిచోట్ల ఆ అత్యవసరం ఏళ్ల తరబడి సాగింది. రెండు గంటలే తెరిస్తే జనం రారు, జనం రావట్లేదు గనుక రెండు గంటలు కూడా దండగ. మనిషిని పస్తు పెట్టి, ఎందుకు చిక్కిపోయావని అడిగినట్టు.

దీని ఫలితం ఒకసారి లెక్క కట్టండి. మే చివరి వారం, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మనవాడు ఊళ్లో దిగాడు. కిటికీ ఎనిమిది నుంచి పన్నెండు. శనాదివారాలు లేదు. సోమవారం మెమోరియల్ డే, జాతీయ సెలవు. మళ్లీ తెరిచేది మంగళవారం ఎనిమిదింటికి. మొత్తం 89 గంటలు. సంచిలో మిగిలింది గుప్పెడు పుట్నాలు. అద్దంలోంచి చూస్తే లోపల అరలో ఎర్ర టేపు చుట్టిన డబ్బా కనపడుతూనే ఉంటుంది, దాని మీద పిన్ని దస్తూరి. మనవాడు పెట్రోలు బంకులో నూడుల్స్ కొనుక్కుని, ఆ అద్దం ముందరి మెట్ల మీదే కూర్చుని, వేణ్ణీళ్లు లేక పచ్చివే నములుతాడు. ఇలా నడవకుండా గడిపే రోజును హైకర్లు జీరో డే అంటారు. అది విశ్రాంతి కోసం పెట్టుకున్న పేరు. పాపం, వాళ్లకు ప్రభుత్వ సెలవుల జాబితా ఎవరూ చూపించలేదు.

అనుభవజ్ఞులు చెప్పే జాగ్రత్తలు నాలుగే. ఊరికి గురువారం లోపు చేరేలా నడక సర్దుకోవాలి. అదనంగా ఒక రోజు తిండి మోయాలి. వారం ముందు ఆ పోస్టాఫీసుకే ఫోన్ చేసి వేళలు అడగాలి. డబ్బాను ప్రయారిటీ మెయిల్ అనే తపాలా తరగతిలో పంపాలి, ఎందుకంటే విప్పనంత వరకు దాన్ని అదనపు ఖర్చు లేకుండా ముందు ఊరికి మళ్లించొచ్చు. స్టెహెకిన్ లాంటి చోట ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. వాషింగ్టన్ రాష్ట్రంలో బయటి నుంచి రోడ్డే లేని ఊరది. చెలాన్ సరస్సు మీద పడవలోనో, కొండ దిగి నడిచో చేరాలి. కెనడా వైపు పోయేవాళ్లకు దాదాపు ఆఖరి మజిలీ. అంత మారుమూలకూ తపాలా కిటికీ ఉందంటే దుబారాకు హద్దు లేకుండా పోయిందన్నమాట.

కొరియర్లున్నాయిగా అంటారు తెలివైనవాళ్లు. ఉన్నాయి, తలుపు దాకా వస్తాయి. తలుపున్నవాడికి. ప్రైవేటు కొరియరు జనరల్ డెలివరీకి పోదు. దారిలో ఏ హోటలో, కొట్టో డబ్బా దాచిపెడతామంటే రుసుము కట్టాలి. కార్గో ఉందిగా అంటారు మన దగ్గర. ఆర్టీసీ కార్గో మేడారం బెల్లం ప్రసాదాన్ని ఇంటింటికీ చేర్చింది, నిజమే. దాని కౌంటర్ ఉండేది బస్టాండులో. తాడ్వాయి అడవిలో గూడేనికి బస్టాండు కూడా కాలినడక దూరమే.

మన తపాలా శాఖ ఇక్కడ అమెరికాను మించింది. 2025లో డిజిపిన్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల సాయంతో దేశాన్ని నాలుగు మీటర్లకో గడిగా కోసి, ప్రతి గడికి పది అక్షరాంకెల చిరునామా ఇచ్చింది. ఏటూరునాగారం అడవిలో ఇప్పచెట్టుకు ఒకటి, దాని కింద ఎలుగుబంటి గుహకు ఒకటి. ఆరంకెల పాత పిన్‌కోడ్ ఇట్లా కాదు, ఒకే నంబరు కింద బోలెడు బ్రాంచి పోస్టాఫీసులు. తపాలా సంచి ముందు సబ్ పోస్టాఫీసుకొచ్చి, అక్కడి నుంచి పల్లెకు పోతుంది. బ్రాంచి పోస్టుమాస్టరు తన ఇంటి ముందు గదిలో నాలుగైదు గంటలు కూర్చునే ఏర్పాటు. ఆ గది పక్క ఊళ్లో విలీనమైతే ఏం? ఇప్పచెట్టుకు చిరునామా ఉంది కదా. ఉత్తరం ఇచ్చే మనిషి ఒక్కడే తక్కువ.

మనకు హైకర్లు ఎక్కడున్నారు, ఈ గోలంతా ఎందుకని అడుగుతారేమో. ఉన్నారు, తయారవుతున్నారు. తెలంగాణలో చేయూత అని పేరు మారినా అందరూ ఆసరా అనే పింఛను పల్లెల్లో పోస్టాఫీసు ద్వారానే అందుతుంది, 2,016 రూపాయలు. ఆ 16 రూపాయల చిల్లర గురించి ఇంకో వ్యాసం రాయాలి. కిటికీ పక్క ఊరికి పోయిందనుకోండి, అవ్వ ఆరు కిలోమీటర్లు నడవాలి. ఆమె సామాను చూసి అమెరికా హైకర్లు సిగ్గుపడాలి. పాస్‌బుక్కు, ఆధార్ కార్డు కొంగులో కట్టిన పాలిథిన్ కవర్లో. ఖాళీ మందు సీసాలో నీళ్లు. పిడికెడు అటుకులు. మొత్తం కిలో దాటదు. పొద్దున ఏడింటికి బయల్దేరితే తొమ్మిదింటికి చేరుతుంది. వరుసలో ఇరవై మందున్నారు. తన వంతు వచ్చేసరికి పదకొండు. నాట్లేసి, పత్తి ఏరి అరిగిపోయిన వేలికి ముద్ర పడదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. తడి చేసి తుడిచి మళ్లీ. నాలుగో వేలు తీసుకుందనుకునేలోపు సిగ్నల్ పోతుంది. రేపు రా అవ్వా అంటారు. అవ్వ అరుగు మీద కూర్చుని కొంగు ముడి విప్పి అటుకులు నోట్లో వేసుకుంటుంది.

అమెరికావాళ్లు దీన్ని జీరో డే అంటారు. అవ్వ ఏమంటుందో పత్రికలో వేయలేం.