తాగుడు మానితేనే మనసుకు వైద్యమా?

డిప్రెషన్‌తో పాటు తాగుడూ ఉన్న మనిషి చాలాచోట్ల మొదట వినే మాట, 'ముందు మందు మానెయ్, తర్వాత చూద్దాం' అని. డీ-అడిక్షన్ సెంటర్‌కు వెళితే, మనసు సంగతి సైకియాట్రిస్టుకు చెప్పుకోమంటారు. శ్రీకాకుళం జిల్లాలో మందస నుంచో కవిటి నుంచో కూలి పోగొట్టుకుని వచ్చినవాడు అటూ ఇటూ తిరిగి, చివరికి ఇంటికి పోతాడు. ఈ పద్ధతి మారాలి. రెండు జబ్బులకూ ఒకేచోట, ఒకేసారి వైద్యం మొదలుకావాలి.

నిద్ర పట్టక తాగుతాడు. తాగితే ఉన్న నిద్రా చెడుతుంది, దిగులు పెరుగుతుంది, మళ్లీ తాగుతాడు. ఇందులో ఏది ముందొచ్చిందో తేలేదాకా ఆగమనడం ఏం న్యాయం? పైగా ఏళ్ల తరబడి బాగా తాగినవాడు డాక్టర్ అండ లేకుండా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు.

తాగుడు వల్ల వచ్చిన దిగులు మానేసిన కొన్ని వారాల్లో చాలామందికి తగ్గుతుంది, తొందరపడి మాత్రలు రాయకూడదని కొందరు డాక్టర్లు అంటారు. నిజమే. మాత్రలు రాయడానికి కొన్నాళ్లు ఆగండి, మనిషిని వదిలేయకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆ వారాల్లోనే అడగాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు తెచ్చే మానసిక ఇబ్బందులను కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. కేంద్రంలో మాత్రం డీ-అడిక్షన్ కేంద్రాలకు నిధులిచ్చేది సామాజిక న్యాయ శాఖ, మానసిక వైద్యం చూసేది ఆరోగ్య శాఖ. శాఖలు రెండని రోగిని రెండు ముక్కలు చేస్తారా?

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి ఇంకా కష్టం. ఉత్సాహం, దిగులు మితిమీరి మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం అనే మాత్ర ఒంట్లోంచి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీ దెబ్బతిన్నవాడికి అది పేరుకుపోయి విషమయ్యే ప్రమాదం ఉంది. అంటే ఇక్కడ మనసు డాక్టరూ కిడ్నీ డాక్టరూ మాట్లాడుకోకపోతే ఆ మాత్రే ముప్పు తెస్తుంది. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, సంతోషం. డయాలసిస్‌కు వచ్చినవాళ్ల దిగులు, తాగుడు గురించి అడిగే మనిషి కూడా అక్కడే ఉండాలి.

అసలు ఉత్తరాంధ్రలో ఏ పెద్ద జబ్బుకైనా విశాఖ బస్సెక్కమనడం అలవాటైపోయింది. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్లకు పైనే. డిప్రెషన్‌లో మంచం దిగలేని మనిషి నెలనెలా అంత దూరం ఎలా పోతాడు? 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ కౌన్సెలర్లు మాట్లాడతారు, మేలే. కానీ తాగుడు ఆపాక వచ్చే వణుకును ఫోన్‌లో చూసుకోలేరు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైకియాట్రీకీ డీ-అడిక్షన్‌కూ కలిపి ఒకే ఓపీ చీటీ, ఒకే కేస్ షీట్ పెట్టండి. అదే డాక్టర్ పలాసకు వారానికో రోజు వచ్చేలా చూడండి.