బర్మింగ్‌హామ్‌ను వెనిస్‌తో కొలవకండి

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ గురించి ఒక సందేశం ఏళ్ల తరబడి చేతులు మారుతోంది: "వెనిస్ కన్నా ఎక్కువ కాలువలున్న నగరం. విహారానికి తవ్వించారు. రైలు రాగానే మూలపడ్డాయి." ఈ మూడు మాటల్లో నిజం పాలు చాలా తక్కువ.

మొదటిది. పొడవు వరకే అయితే ఒప్పుకోవచ్చు. నగర హద్దుల్లో సుమారు 35 మైళ్లు. వెనిస్‌కు 26 మైళ్లని చెబుతారు. కానీ వెనిస్‌లో కాలువల సంఖ్య దాదాపు 150, అక్కడ కాలువే వీధి. బర్మింగ్‌హామ్ దానికి ఎన్నో రెట్లు విశాలమైన ఊరు. ఇక్కడి కాలువలు కార్ఖానాల పెరటి గోడల వెంట సాగాయి. మైళ్లు కూడినంత మాత్రాన పోలిక కుదరదు.

రెండోది, విహారం. నన్ను ఎక్కువగా బాధించేది ఈ మాటే. సరుకు పడవలు నడిచే నది లేని మిట్ట ప్రాంతం అది. బొగ్గంతా గతుకుల దారిలో బండ్ల మీద రావాలి. ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ రూపొందించిన కాలువ 1769లో వెన్స్‌బరీ గనుల వైపు తెరుచుకోగానే నగరంలో బొగ్గు ధర బాగా పడిపోయింది. గోదావరి కాలువలు ఎరిగినవారికి లాకుల (పడవను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే తలుపుల తొట్ల) సంగతి చెప్పనక్కరలేదు: పడవ దాటిన ప్రతిసారీ లాకెడు నీరు పల్లానికి పోతుంది. నగరం పక్కనున్న స్మెథిక్ మిట్ట మీదికి ఆ నీటిని మళ్లీ ఎత్తిపోయడానికి 1779లో బోల్టన్, వాట్‌ల ఆవిరి యంత్రం పెట్టారు. 1891 దాకా అది పనిచేసింది. ఇప్పుడు నగర మ్యూజియంలో ఉంది. నడిచే స్థితిలో ఉన్న ఆవిరి యంత్రాల్లో ప్రపంచంలోకెల్లా పాతది. తరవాత ఇంజనీరు థామస్ టెల్ఫోర్డ్ ఆ మిట్టనే లోతుగా కోయించి కాలువను తిన్నగా నడిపాడు. 1829 నాటి గాల్టన్ ఇనప వంతెన ఆ కోతను ఒకే కమానుతో, 150 అడుగుల మేర దాటుతుంది. షికారు పడవల కోసం ఇంత శ్రమ ఎవరు పడతారు?

మూడోది. రైలు 1837లోనే వచ్చింది. అయినా 19వ శతాబ్దం చివర్లో ఈ కాలువల మీద ఏటా 80 లక్షల టన్నులకు పైగా సరుకు నడిచింది. రైలు కంపెనీలే సరుకు మార్చుకోవడానికి కాలువ పక్కన రేవులు కట్టుకున్నాయి. బొగ్గు పడవలు ఆగింది 1960లలో.

అక్కడికి వెళ్లినవారు వంతెనల మూలలకు బిగించిన ఇనప పట్టీలను దగ్గరగా చూడండి. గట్టు మీద గుర్రాలు పడవలను లాగుతుంటే, ఇసుక అంటిన తడి తాళ్లు ఏళ్లకేళ్లు రాసుకుని ఆ ఇనుములో వేలు పట్టేంత గాట్లు పెట్టాయి.