దీపాలార్పిన ఈఫిల్ టవర్

మా బావగారికి తెనాలిలో చీరల కొట్టుంది. యూరప్ ప్యాకేజీ టూరుకు వెళ్లొచ్చినప్పటి నుంచీ ఆయన ఏ మాట మొదలుపెట్టినా పారిస్‌లోనే తేలుతున్నారు. ఆషాఢం సేల్ దగ్గర పడగానే, తాను స్వయంగా తీసిన ఈఫిల్ టవర్ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కొట్టించాలని తీర్మానించారు. రాత్రిపూట, టవర్ నిండా దీపాలు వెలుగుతుండగా తీసిన ఫొటో అది. కింద మూలన స్వెటర్ మీద కొంగు కప్పుకుని మా అక్క. పైన ‘పారిస్ ధగధగలు, తెనాలి ధరలకే!’ అని అక్షరాలు.

డిజైన్ ఇంటి గ్రూపులో పెడితే అందరూ బొటనవేళ్లు చూపించారు. విశాఖలో లా చదువుతున్న మా మేనల్లుడు మాత్రం వెంటనే ఫోన్ చేశాడు.

“నాన్నా, పగలు తీసిన ఫొటో లేదా?”

“పగలెందుకురా? అందమంతా రాత్రేగా!”

“పగటి టవర్‌కి కాపీరైట్ లేదు. రాత్రి టవర్‌కి ఉంది.”

బావగారు ఫోన్ స్పీకర్‌లో పెట్టి నా వైపు చూశారు, లక్షలు పోసి చదివిస్తుంటే వీడు నేర్చుకున్నది ఇదా అన్నట్టు.

వాడు చెప్పింది నిజమే. టవర్ 1889 నాటిది. గుస్టావ్ ఈఫిల్ 1923లో పోయారు, ఆయన హక్కులు ఎప్పుడో చెల్లిపోయాయి. పగటి ఫొటోని ఎవరైనా అచ్చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. చీకటి పడ్డాక కనిపించే ఆ బంగారు వెలుగు మాత్రం 1985లో పియర్ బిడో అనే ఆయన అమర్చింది. గంటకోసారి ఐదు నిమిషాలు మిలమిలలాడే 20,000 బల్బులు ఆ తర్వాత చేరాయి. టవర్ వందేళ్ల పండక్కి పెట్టిన లైట్ల ప్రదర్శన మీద కేసు నడిస్తే, దీపాల కూర్పు కూడా కళాసృష్టేనని 1992లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. సరదాకి తీసి స్నేహితులకు పంపుకుంటే ఎవరూ ఏమీ అనరు. వ్యాపారానికి వాడాలంటే మాత్రం తమ అనుమతి కావాలంటుంది టవర్ నడిపే సంస్థ.

“దీపాలు పెట్టినవాడికి ఫొటో మీద హక్కేంట్రా? అలాగైతే దసరాకి మన కొట్టుకి సీరియల్ సెట్లు కట్టినవాడూ వచ్చి వాటా అడుగుతాడు!” అన్నారు బావగారు. నాకూ అందులో పస ఉందనిపించింది.

“తెనాలిలో కట్టే ఫ్లెక్సీకి మన చట్టమేగా వర్తించేది?” అని నేను కల్పించుకున్నాను. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, భవనాన్ని ఫొటో తీసి ప్రచురిస్తే తప్పు కాదని శుభ్రంగా రాసుంది.

“భవనం అన్నారు మావయ్యా, దీపాల మాటెత్తలేదు. పైగా నాన్న ఫేస్‌బుక్‌లో డబ్బులిచ్చి బూస్ట్ చేస్తానంటున్నాడు. అది పారిస్‌లో కూడా కనిపిస్తుంది.”

ఆషాఢం సేల్‌కి పారిస్ వాళ్లు తెనాలి వస్తారా అని అడగబోయి ఊరుకున్నాను. బావగారి మొహంలో ఆ ఆశ అప్పటికే కనిపించింది.

టవర్ పగటి ఫొటో ఒక్కటీ లేదు. ఆ రోజు ఎండంతా లూవ్ర్ మ్యూజియం ముందు గాజు పిరమిడ్ దగ్గరే గడిచిపోయిందట. పోనీ అదే వేద్దామంటే, దాని ఆర్కిటెక్ట్ ఐ.ఎం.పేయ్ 2019లో పోయారు, ఫ్రాన్స్‌లో ఆ హక్కులు 2089 చివరిదాకా ఉంటాయన్నాడు వాడు.

“అయితే సేల్ అప్పటిదాకా వాయిదా వెయ్యనా?”

విమానం ఎక్కేముందు ముంబయి తాజ్ హోటల్ దగ్గర దిగిన ఫొటో తీశారు. ఆ భవనం రూపాన్ని 2017లో ట్రేడ్‌మార్క్ చేయించుకున్నారని వాడు చెబుతుండగానే బావగారు ఫోన్ కట్ చేశారు. “లైట్ల గురించేగా గొడవ? ఆర్పించేస్తా!” అని చెప్పులేసుకున్నారు.

ఫ్లెక్సీ షాపు కుర్రాడు స్క్రీన్ మీద టవర్‌ని పెద్దది చేసుకుని, ఒక్కో దీపం మీదా మౌస్‌తో రుద్దడం మొదలుపెట్టాడు. సగం అయ్యేసరికి టవర్ ఆకాశంలో కలిసిపోయింది.

“సార్, ఇంక ఇందులో ఏం మిగల్లేదు. బూడిద రంగు కొట్టెయ్యనా?”

కొట్టేశాడు. ఆకాశాన్ని తెల్లగా చేశాడు. అక్క మొహం మీద పడ్డ పసుపు వెలుగు కూడా తీసేయబోతే, “అది ఉంచు బాబూ, అందులో రంగొచ్చాను” అంది అక్క. చట్టం సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెప్పే ధైర్యం ఎవరికుంది?

కొట్టు మేడ మీద ఫ్లెక్సీ లేచిన మర్నాడు పక్క బంగారం కొట్టాయన వచ్చి, “సెల్ టవర్‌కి చోటిచ్చారటగా, నెలకెంతిస్తున్నారేంటి?” అని చెవిలో అడిగాడు. సాయంత్రానికి ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్లు, పిల్లలకి రేడియేషన్ తగులుతుంది, వెంటనే తీయించాలంటూ సంతకాలు పెట్టిన కాగితం పట్టుకొచ్చారు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు, ఎలాగూ వచ్చాం కదా అని చెరో చీర కొనుక్కెళ్లారు.