పట్నం అంటే మాకు హైదరాబాదే

నేను చదివిన ఒక వ్యాసం, హైదరాబాదుకు జనం పెట్టుకున్న పేర్లలో భాగ్యనగరాన్ని మాత్రమే పేర్కొనడం నాకు వెలితిగా తోచింది. మా వరంగల్ పల్లెల్లో ఆ పేరు రాతలో కనిపిస్తుందే తప్ప నోటి మాటగా దాదాపు వినిపించదు. 140 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఆ నగరాన్ని మా పెద్దలు ఉత్త ‘పట్నం’ అనే అంటారు, ఏ పట్నమని ఎవరూ అడగరు. కాజీపేట స్టేషన్‌లో నన్ను రైలెక్కిస్తూ, కొంగుముడి విప్పి చేతిలో పది రూపాయలు పెట్టి, మా నాయనమ్మ "పట్నంల పైలం బిడ్డా" అనేది. 1323లో కాకతీయ రాజ్యం కూలిపోయేదాకా రాజధానిగా వెలిగిన ఓరుగల్లు మాది. అయినా 1591లో వెలిసిన నగరానికే ఆ మాటను పూర్తిగా అప్పగించాం. ఈ పేరును కూడా వ్యాసంలో చేర్చవలసిందిగా రచయితను మనసారా కోరుతున్నాను.