కరిగిపోయే దారానికి డబ్బులా!

హెర్నియా ఆపరేషన్ కోసం మా పెదనాన్న నెల్లూరు నుంచి మద్రాసు వచ్చారు. (ఊరి పేరు చెన్నై అయి ఎన్నేళ్లయినా నెల్లూరివాళ్లకి వైద్యం జరిగేది మద్రాసులోనే.) ఆపరేషన్ బాగానే అయింది. గొడవంతా డిశ్చార్జి రోజు, బిల్లు దగ్గర.

"కుట్లు విప్పడానికి ఎప్పుడు రమ్మన్నార్రా?"

"రానక్కర్లేదు పెదనాన్నా. అవే కరిగిపోతాయి."

"కరిగిపోయేదానికి డబ్బులెందుకు కట్టించుకున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆలోచించిన కొద్దీ న్యాయం ఆయన పక్షానే ఉందనిపించింది. ఏం కొన్నా మనం ముందు అడిగేది 'ఎన్నేళ్లొస్తుంది?' అనే. టీ నగర్‌లో స్టీలు బిందె కొంటే పేరు కొట్టించి మరీ తెచ్చుకుంటాం, మనవరాలి పెళ్లినాటికి అదెవరిదన్న తగాదా రాకూడదని. అలాంటి జనానికి, రోజురోజుకీ నీరసించడమే తన గొప్ప అని చెప్పుకునే దారం అమ్ముతారా?

దాని పేరు పాలీగ్లాక్టిన్. తొంభై పాళ్లు గ్లైకోలైడ్, పది పాళ్లు లాక్టైడ్. రెండు వారాలకి పావు వంతు బలం పోతుంది, మూడు వారాలకి సగం. 56 నుంచి 70 రోజుల్లో అసలు దారమే ఉండదు. ఎవరూ తెంపరు. ఒంట్లోని నీళ్లే దాని లంకెలన్నీ విడగొట్టేస్తాయి. చివరికి మిగిలేవి రెండు ఆమ్లాలు: పెరుగు పులుపులో ఉండే లాక్టిక్ ఆమ్లం, చెరకు రసంలో కూడా ఉండే గ్లైకోలిక్ ఆమ్లం. వాటినీ ఒళ్లు ఉంచుకోదు, నీళ్లుగా, కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పంపేస్తుంది. అంటే డబ్బు పోసి కొన్న సరుకుని మన ఊపిరితో మనమే ఊదేసుకోవాలన్నమాట! వినియోగదారుల ఫోరాలు ఏం చేస్తున్నట్టు?

పూర్వం గొర్రె పేగుతో చేసిన దారమూ కరిగేదే. గొర్రె కాబట్టి ఎవరూ అడగలేదు.

గుండె రక్తనాళంలో పెట్టే స్టెంటుని కూడా ఇలాగే కరిగేలా చేశారు. అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది, 2017లో అమ్మకం ఆగిపోయింది. లోహపు స్టెంట్ల కంటే దాంతో రక్తం గడ్డకట్టడం ఎక్కువగా కనబడింది మరి. ఇది చెప్పగానే పెదనాన్న నా వైపు చూసిన చూపు చూడాలి.

ఆయనకి ఊరట దొరికింది మెష్ దగ్గర.

"లోపల చిన్న వల పెట్టారు పెదనాన్నా. పాలీప్రొపిలీన్. అది మాత్రం కరగదు."

"అంటే ఏంది?"

"ప్లాస్టిక్ బియ్యం బస్తాలు నేసేది దాంతోనే."

"అదీ సరుకంటే!" అని కట్టు మీద నుంచే పొట్ట నిమురుకున్నారు.

నాకూ కొంచెం ధైర్యం వచ్చింది. మన విలువలు పూర్తిగా చెడిపోలేదు. వాడి పారేసే ప్లాస్టిక్ సంచుల్ని తమిళనాడు 2019 జనవరి 1 నుంచి నిషేధించింది కదా, ఆ సాయంత్రం మేం తెచ్చుకున్న సాంబారు కవరుకి ఆ కబురు ఇంకా అందలేదు. హోటల్ నుంచి ఇంటికి పది నిమిషాల పని దానిది, అయినా మనవళ్ల కాలం దాకా ఉండగలదు. పెద్దమ్మ దాన్ని తిరగేసి కడిగి, విదిలించి, వంటింటి తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న పెద్ద కవర్లో కుక్కింది. ఆ పెద్ద కవరు నిండా కవర్లే.

రెండు నెలలు దాటాక నెల్లూరు నుంచి ఫోను.

"ఒరే, డెబ్బై రోజులైంది. దారం పోయినట్టేనా?"

"పోయినట్టే పెదనాన్నా."

కాసేపు మాట్లాడలేదు.

"సరే. రిపోర్టులు పెట్టిచ్చిన కవరు మీ ఇంట్లోనే ఉండిపోయింది. పారెయ్యబాక, గట్టిది."