ముప్ఫై కొటేషన్లు బట్టీ పట్టాక కూడా మార్కులు ఎందుకు రావు

తెలుగు సాహిత్యం పరీక్షలకు చదివేవాళ్ల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. సారాంశం ఇది: "నాటకం మీద వ్యాసానికి ముప్ఫై కొటేషన్లు బట్టీ పట్టండి. పేరాకు రెండు చొప్పున దించండి. అంకాల వరుసలో రాసుకుపోతే నిర్మాణం దానంతటదే కుదురుతుంది. కొటేషన్‌తో మొదలెట్టి కొటేషన్‌తో ముగించండి."

ఇందులో ఒక్క మాటా నిలవదు. గురజాడ అప్పారావు నాటకం 'కన్యాశుల్కం' మీద, అందులో సంస్కరణ కబుర్లు చెప్పే గిరీశం గురించి "గిరీశం నిజంగా సంస్కర్తేనా?" అని ప్రశ్న వచ్చిందనుకుని పరీక్షించి చూద్దాం.

ముందు ముప్ఫై సంగతి. నలభై నిమిషాల జవాబు నాలుగైదు పేజీలు వస్తుంది. అందులో ఐదారు కొటేషన్లకు మించి ఇమడవు. ఎందుకంటే ప్రతిదాని వెనకా మూడు పనులుంటాయి: ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో ఒక్క ముక్కలో చెప్పాలి, అందులో బరువు మోస్తున్న పదమేదో పట్టుకోవాలి, అది మన వాదనకు ఎలా ఒదుగుతుందో చూపాలి. పేరాకు రెండు దించితే మొదటి పని కూడా పూర్తికాదు. ఇక మిగిలేది జ్ఞాపకశక్తి ప్రదర్శన.

మూడు పనులూ జరిగితే ఎలా ఉంటుందో నాటకంలోని చివరి మాట దగ్గర చూడొచ్చు. వేశ్య మధురవాణి వల్ల అసలు రంగు బయటపడ్డాక, పెళ్లాడదామనుకున్న వితంతువు బుచ్చమ్మ చెయ్యిజారిపోయాక, గిరీశం అనేది ఇదే: "డామిట్! కథ అడ్డంగా తిరిగింది." దీన్ని దించి కింద "గిరీశం మోసం బయటపడింది" అని రాస్తే కొటేషన్ పెట్టినా పెట్టకపోయినా ఒకటే. 'కథ' అన్న పదం దగ్గర ఆగండి. బుచ్చమ్మ బతుకు అనలేదు, తన తప్పు అనలేదు, కనీసం తన పథకం అనలేదు. ఒక వితంతువు జీవితం అతనికి తాను అల్లిన కథ. ఆ కథ బెడిసికొట్టిందన్న చిరాకే తప్ప ఆమె ఏమవుతుందన్న చింత ఆ వాక్యంలో లేదు. ఇక 'డామిట్'. శిష్యుడు వెంకటేశం ముందు గొప్పలకు వాడిన ఇంగ్లీషు, ఇంకేమీ చెయ్యలేని ఘడియలో ఒట్టి తిట్టుగా మిగిలింది. ఒక్క కొటేషన్‌కు ఇంత రాయొచ్చు. ముప్ఫైలో ఇరవై నాలుగు వదిలేసినా నష్టం లేదనడం ఇందుకే.

బట్టీ వల్ల వచ్చే పెద్ద తప్పు ఇంకొకటుంది. "గురజాడ అన్నట్లు, మనవాళ్లు ఒట్టి వెధవాయిలోయ్" అని రాసేస్తారు. గురజాడ అనలేదు, గిరీశం అన్నాడు. పాత్ర మాటను రచయిత అభిప్రాయంగా రాసిన క్షణంలో వ్యంగ్యం మొత్తం పోతుంది. సాటివాళ్లను వెధవాయిలంటున్నవాడు భోజనాలు పెట్టి బతికే పూటకూళ్లమ్మ డబ్బు వాడేసుకుని ఊరు దాటే దారి వెతుక్కున్న మనిషి, అక్కడే ఉంది నవ్వు. పైగా ఈ మాట 'ఉత్త', 'వట్టి', 'ఒట్టి' అని రకరకాలుగా చలామణీలో ఉంది. పాఠం కచ్చితంగా గుర్తులేకపోతే 'వెధవాయిలోయ్' అన్న ఒక్క పదాన్నే కొటేషన్ గుర్తుల్లో పెట్టి మిగతాది మీ మాటల్లో చెప్పండి. తప్పు కొటేషన్ కంటే కురచ కొటేషన్ నయం.

పాఠం అంటే ఏ పాఠమన్నదీ ముఖ్యమే. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చేసిన రూపం వేరు, 1909లో గురజాడ బాగా తిరగరాసి పెంచిన రూపం వేరు. మామూలుగా చదివేది 1909 నాటిది. 1955 నాటి సినిమాలో విన్న డైలాగును నాటకంలోదిగా రాస్తే ఇంతే సంగతులు. అన్నట్టు, విజయనగరం వాడుకను 'సరిదిద్ది' గ్రాంథికంలోకి మార్చకండి. ఆ భాషే నాటకం.

ఇక అంకాల వరుస. విజయనగరంలోని బొంకులదిబ్బ దగ్గర మొదలై, కృష్ణరాయపురం అగ్రహారం, రామచంద్రపురం అగ్రహారం మీదుగా విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు ఇంటిదాకా రాసుకుపోతే అది కథాసంగ్రహం. ఆ కథ జవాబులు దిద్దేవాళ్లకు ముందే తెలుసు. వరుస వాదనది కావాలి:

మొదటి పేరాలో జవాబు తేల్చెయ్యండి: సంస్కరణ గిరీశానికి నమ్మకం కాదు, పనిముట్టు. రెండోదానిలో ఆ పనిముట్టు ఎదుటి మనిషిని బట్టి ఎలా మారుతుందో చూపండి. శిష్యుడి దగ్గర ఇంగ్లీషు లెక్చరు, బుచ్చమ్మ తండ్రి అగ్నిహోత్రావధానుల దగ్గర కోర్టు కాగితాల సాయం, బుచ్చమ్మ దగ్గర పునర్వివాహం. ఇవి వేర్వేరు చోట్ల ఉన్నా ఒకే పేరాలోకి వస్తాయి. అంకాల వరుస పట్టుకున్నవాళ్లకు ఈ పోలిక ఎప్పటికీ దొరకదు. మూడోది ఎదురువాదన, చాలామంది వదిలేసేది ఇదే. వితంతు వివాహం గురించి గిరీశం చెప్పే మాటలు వాటంతట అవి తప్పు కావు, సౌజన్యారావు నిలబడిందీ ఆ పక్షానే. మాట మంచిదై మనిషి చెడ్డవాడైతే ఏమవుతుందన్నది అక్కడ తేల్చాలి. నాలుగోదానిలో మొదటి రంగాన్నీ చివరి మాటనూ పక్కపక్కన పెట్టండి. మొదట్లో పారిపోయే ఉపాయం వెతికేవాడు, చివర్లో ఉపాయం చెడినవాడు. నాటక నిర్మాణమే మీకు సాక్ష్యం అవుతుంది, అదనంగా కొటేషన్ అక్కర్లేదు.

కొటేషన్‌తో మొదలుపెట్టడమంటారా, ఎవరు ఎందుకన్నారో తెలియకుండా పేజీ నెత్తిన వేలాడే వాక్యం వల్ల లాభం లేదు. చివర్లో అయితే వివరణకు చోటే ఉండదు.

చదివేటప్పుడు అంకాలవారీ పట్టిక బదులు పన్నెండు చీటీలు రాసుకోండి. చీటీకి ముందువైపు ఆరు పదాలకు మించని కొటేషన్, వెనక మాట్లాడేవారు, వినేవారు, సందర్భం, ఆ మాట పనికొచ్చే రెండు ప్రశ్నలు. రెండు ప్రశ్నలు తట్టని చీటీని చించెయ్యండి.