హారర్ కామిక్స్‌ను నిషేధించింది అమెరికా ప్రభుత్వం కాదు

అక్టోబరు వచ్చి, అమెరికాలో మనవాళ్ల ఇళ్ల గుమ్మాల ముందు గుమ్మడికాయలు చేరగానే ఒక పోస్టు మళ్లీ చక్కర్లు కొడుతుంది. సారాంశం ఇది: “1950ల్లో అమెరికాలో హాలోవీన్ కోసం దెయ్యాల కామిక్స్ వేసేవారు. అవి చదివి పిల్లలు నేరస్తులవుతున్నారని ఒక డాక్టరు నిరూపించాడు. అందుకే 1954లో ప్రభుత్వం వాటిని నిషేధించింది. వాటిలో నెత్తురు తప్ప కథేమీ లేదు, పోతే పోయాయి.”

ఇందులో 1954 అన్న అంకె ఒక్కటే నిలబడుతుంది.

హాలోవీన్ సంగతి చిన్నది, ముందు అది తేల్చేద్దాం. విలియం గెయిన్స్ నడిపిన ఈసీ కామిక్స్ అనే ప్రచురణ సంస్థ 1950లో ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’, ‘ది వాల్ట్ ఆఫ్ హారర్’, ‘ది హాంట్ ఆఫ్ ఫియర్’ మొదలుపెట్టింది. ఇవి రెండు నెలలకోసారి, ఏడాది పొడవునా వచ్చేవి. వెల 10 సెంట్లు. వాటిలో బాగా పేరు పడ్డ ఒక కథ క్రిస్మస్ ముందు రాత్రి జరుగుతుంది: భర్తను చంపిన ఆవిడ ఇంటి బయట శాంటా బట్టల్లో ఒక పిచ్చివాడు. పోలీసులను పిలుద్దామంటే లోపల శవం! ఇంకో కథ వాలెంటైన్స్ డే చుట్టూ తిరుగుతుంది. గుమ్మడికాయల ఊసు రెండింట్లోనూ లేదు.

ఇక డాక్టరు. ఆయన ఫ్రెడ్రిక్ వర్థమ్, జర్మనీలో పుట్టిన మానసిక వైద్యుడు. 1954లో వచ్చిన ఆయన పుస్తకం ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్’ తల్లిదండ్రులకు బాగానే టెన్షన్ పెట్టింది. ఆయన్ని విలన్‌ని చేయడం నాకిష్టం లేదు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పేద నల్లజాతివారి కోసం క్లినిక్ నడిపిన మనిషి. బడుల్లో వర్ణవివక్ష పిల్లల మనసుకు ఏం చేస్తుందో ఆయన చెప్పిన సాక్ష్యం కోర్టుల్లో పనికొచ్చింది కూడా. కానీ కామిక్స్ విషయంలో నిరూపించింది మాత్రం ఏమీ లేదు. తన దగ్గరికి వచ్చిన నేరస్త పిల్లలు కామిక్స్ చదువుతున్నారన్నది ఆయన వాదన. ఆ రోజుల్లో అమెరికాలో దాదాపు ప్రతి పిల్లా పిల్లాడూ కామిక్స్ చదివేవారు. నేరాల జోలికి పోని పిల్లలతో పోల్చి చూడకుండా ఆ లెక్కకు అర్థమేముంది?

అంతకంటే పెద్ద చిక్కు తర్వాత బయటపడింది. వర్థమ్ కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 2010లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. క్యారల్ టిల్లీ అనే పరిశోధకురాలు వాటిని పుస్తకంతో పోల్చి చూసి 2012లో వ్యాసం ప్రచురించారు. పిల్లల మాటలను ఆయన మార్చారు, కలిపారు, పెంచి రాశారు. వాళ్ల ఇళ్లలోనూ జీవితాల్లోనూ ఉన్న వేరే కష్టాలను వదిలేసి నేరం కామిక్స్ మీద మోపారు. (మనం చందమామలో శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం కేసి నడిచే విక్రమార్కుడితో పెరిగినవాళ్లమే. ఇది రుజువు కాదు లెండి. వర్థమ్ రుజువూ ఇంతకంటే గట్టిదేమీ కాదు.)

అసలు మాట నిషేధం గురించి. 1954 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో సెనేట్ ఉపసంఘం విచారణ జరిగిన మాట నిజం. ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో ఆడమనిషి తల ఉన్న కవరును సెనేటర్ కిఫావర్ ఎత్తి చూపించి, ఇది సభ్యంగా ఉందా అని అడిగారు. హారర్ కామిక్ కవరుకు సభ్యమేనన్నాడు గెయిన్స్. తలను ఇంకాస్త పైకెత్తి మెడలోంచి నెత్తురు కారుతున్నట్టు వేస్తే అప్పుడు అసభ్యం అవుతుందట! ఆ జవాబుతో ఆయన పరువు పేపర్లకెక్కింది. కానీ ఉపసంఘం 1955లో ఇచ్చిన నివేదిక ప్రభుత్వ సెన్సారు వద్దనే చెప్పింది. దేశవ్యాప్త నిషేధ చట్టం రాలేదు. కొన్ని రాష్ట్రాలు, ఊళ్లు తమ పరిధిలో ఆంక్షలు పెట్టాయి, అంతే.

మరి చంపిందెవరు? తోటి ప్రచురణకర్తలే. 1954 అక్టోబరులో వాళ్ల సంఘం ‘కామిక్స్ కోడ్’ రాసుకుంది. పుస్తకం పేరులో ‘హారర్’, ‘టెర్రర్’ అన్న మాటలు కూడదు. నడిచే శవాలు, రక్తపిశాచాలు, తోడేలు మనుషులు అసలే కూడదు. కోడ్ ముద్ర లేని కట్టలను టోకు వ్యాపారులు విప్పకుండానే వెనక్కి పంపేవారు. అందరం కలిసి పోరాడదామని ప్రచురణకర్తలను మొదట పిలిచింది గెయిన్సే. చివరికి పిలిచినవాడే లేచి బయటికి నడిచాడు. ఈసీని ఇష్టంగా చదివే పిల్లలు బజారులో ఉండగా, పోటీదారులకు ఈ నియమాలు చేదు మందుగా అనిపించి ఉండవని నా అనుమానం.

ప్రభుత్వమే చట్టం తెచ్చిన చోటు బ్రిటన్. 1954 సెప్టెంబరులో గ్లాస్గోలోని గోర్బల్స్‌లో వందలాది పిల్లలు కర్రలు, కత్తులు పట్టుకుని శ్మశానంలోకి వెళ్లారు. ఇనుప పళ్ల పిశాచి ఇద్దరు పిల్లల్ని తినేసిందని, దాన్ని వేటాడాలని! పక్కనే ఉన్న ఇనుము కర్మాగారం మంటలతో ఆకాశం ఎర్రబడుతుంటే భయం మరీ పెరిగింది. తప్పిపోయిన పిల్లలెవరూ లేరు. నింద మాత్రం అమెరికన్ కామిక్స్ మీద పడింది. ఆ పిల్లలు ఇనుప పళ్ల పిశాచి కామిక్ చదివారని ఎవరూ చూపలేకపోయారు. ఇనుప పళ్ల జెన్నీ అనే పాత స్కాటిష్ పద్యం మాత్రం ఉంది! అయినా 1955లో పార్లమెంటు ఇలాంటి పుస్తకాల మీద చట్టం చేసింది. పోస్టు రాసినవాళ్లు దేశాలు కలిపేశారేమో.

నెత్తురు తప్ప కథ లేదన్నది చివరి మాట. నెత్తురుందని ఒప్పుకుంటాను. మనిషి పేగులతో బేస్‌బాల్ మైదానంలో గీతలు గీసిన కథ ఉంది, దాన్ని నేను సమర్థించను. కానీ ఇందాకటి వాలెంటైన్ కథ చూడండి. చెత్త ఏరుకునే ఒంటరి ముసలాయన్ని ఊరి నుంచి తరిమేయాలని, ఇరుగుపొరుగు పేర్లతో ద్వేషపు కార్డులు పంపుతారు. ఆయన ఉరేసుకుంటాడు. ఏడాదికి సమాధిలోంచి లేచి వస్తాడు. గ్రాహం ఇంగల్స్ బొమ్మల్లో శవం కంటే ఆ బతికున్నవాళ్ల ముఖాలే వికారంగా ఉంటాయి.

కోడ్ వచ్చాక గెయిన్స్ భయం కథలు మానేసి, చివరికి తానూ కోడ్ ముద్రకు ఒప్పుకుని, ఒక సైన్స్ ఫిక్షన్ కథను తిరిగి వేయబోయాడు. రంగు తేడాతో సాటివాళ్లను అణచే మరమనుషుల గ్రహాన్ని తనిఖీ చేసిన వ్యోమగామి చివర్లో శిరస్త్రాణం తీస్తాడు. అతను నల్లజాతివాడు, ముఖం మీద చెమట మెరుస్తుంటుంది. అతను నల్లవాడిగా ఉండకూడదని కోడ్ అధికారి పట్టుబట్టాడు. గెయిన్స్ ఒక్క గీత మార్చకుండా అచ్చు వేశాడు. 1956 ఫిబ్రవరి తేదీతో వచ్చిన ఆ సంచికే ఈసీ చివరి కామిక్ పుస్తకం.